మొదటి గ్రాండ్ నేషనల్ గెలిచింది లాటరీనా, డ్యూకా? (పందెం కాసి ఉన్నాను, కాస్త చెప్పండి)

క్విజ్_ఓటమి | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్లో ఉగాదికి క్విజ్ పెట్టారు. "ఇంగ్లండ్‌లో జరిగే గ్రాండ్ నేషనల్ గుర్రపు పందెంలో మొట్టమొదట గెలిచిన గుర్రం ఏది?" అని అడిగారు. ఎప్పుడో చదివిన గుర్తుతో "ద డ్యూక్, 1836" అన్నాను. క్విజ్ మాస్టర్ మా బాబాయే. "తప్పు. లాటరీ, 1839" అని పాయింటు అవతలి టీముకి ఇచ్చేశాడు. సరిగ్గా ఆ ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

ఊరుకోలేక ఆయనతో పందెం కాశాను. నాది రైటని తేలితే వచ్చే ఆదివారం బిర్యానీ ఆయన ఖర్చు, లేకపోతే నాది. ఇంట్లో మొత్తం పదకొండు మందిమి. కాస్త ఆలోచించి చెప్పండి.

సందేహాల_రావు | రాత్రి 9:20

మీ గొడవ తర్వాత. ముందు ఇది చెప్పండి, మన మలక్‌పేటలో జరిగేదీ ఇదీ ఒకటేనా? ఈ గ్రాండ్ నేషనల్‌ని స్టీపుల్‌ఛేజ్ అంటారని విన్నాను, ఆ పేరేమిటి?

మలక్‌పేట_మనవడు | రాత్రి 9:41

ఒకటి కాదు రావుగారూ. మలక్‌పేటలో నున్నటి ట్రాకు మీద పరుగు మాత్రమే. దాన్ని ఫ్లాట్ అంటారు. టీ కప్పు పట్టుకుని వచ్చేలోపు అయిపోతుంది, జనం టికెట్లు చింపి పారేస్తుంటారు. స్టీపుల్‌ఛేజ్‌లో దారికి ఏది అడ్డొస్తే దాన్ని దూకాలి. ముళ్ళకంచె, గట్టు, వాగు, గోడ, ఏదైనా.

స్టీపుల్ అంటే చర్చి మీద ఉండే మొనదేలిన గోపురం. 1752లో ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో ఓకల్లహన్, బ్లేక్ అనే ఇద్దరు పెద్దమనుషులు పంతం పట్టారట. బటెవంట్ ఊరి చర్చి దగ్గర బయల్దేరి డోనరైల్ ఊరి చర్చి దాకా, నాలుగు మైళ్ళ పైచిలుకు, ఎవరు ముందు చేరితే వాళ్ళది గెలుపు. అంత దూరం నుంచి కనపడేది గోపురం ఒక్కటే కదా. దాన్నే చూసుకుంటూ అడ్డదారిన పోవడమే. మన పల్లెల్లో తిరనాళ్ళకి గాలిగోపురం గుర్తు పెట్టుకుని పొలాలకి అడ్డంపడి పోతాం చూడండి, అలాగ. కాకపోతే గుర్రం మీద, ప్రాణం మీదికి తెచ్చుకుంటూ.

పాత_కాగితాలు | రాత్రి 10:26

క్విజ్_ఓటమి గారూ, మీరూ తప్పు కాదు, బాబాయి గారూ తప్పు కాదు. బిర్యానీ సంగతి నేను తేల్చలేను గానీ జరిగింది ఇదీ.

లివర్‌పూల్‌లో వాటర్లూ హోటల్ అని ఉండేది. దాని యజమాని విలియం లిన్. ఊరికి జనం వస్తే హోటల్ గదులు నిండుతాయి, జనం రావాలంటే ఏదో ఒకటి జరగాలి. వ్యాపారస్తుడి లెక్క అంతే. సెఫ్టన్ ప్రభువు దగ్గర ఏంట్రీ అనే చోట భూమి లీజుకి తీసుకుని, 1829లో ఫ్లాట్ పందేలు మొదలుపెట్టాడు. అవి నడుస్తుండగానే అప్పట్లో కొత్త మోజైన స్టీపుల్‌ఛేజ్ మీద కన్ను పడింది. లండన్ దగ్గర సెయింట్ ఆల్బన్స్‌లో టామస్ కోల్‌మన్ అనే ఇంకో హోటలాయన 1830 నుంచి అదే పందెం పెట్టి బాగా జనాన్ని రాబడుతున్నాడు మరి.

1836లో లిన్ ఏంట్రీలో మొదటి స్టీపుల్‌ఛేజ్ పెట్టాడు. గెలిచింది డ్యూక్, రౌతు కెప్టెన్ మార్టిన్ బెచర్. 1837లో మళ్ళీ డ్యూకే, 1838లో సర్ హెన్రీ. కాబట్టి మీ జవాబు గాలిలోంచి పుట్టింది కాదు.

అయితే ఆ మూడేళ్ళని అధికారిక లెక్కలో కలపరు. 1837, 1838 పందేలు ఏంట్రీలో కాక పక్కనున్న మగల్‌లో జరిగాయని చాలాకాలం రాస్తూ వచ్చారు. అలా కాదు, అవీ ఏంట్రీలోనే అని తర్వాతి పరిశోధకులు వాదించారు. ఆ పేచీ అలాగే ఉంది. 1839 ఫిబ్రవరి 26, మంగళవారం నాటి పందెం నుంచే లెక్క మొదలవుతుంది. దాని విజేత లాటరీ.

ఇంకో మెలిక ఉంది. ఆ రోజు కూడా దాని పేరు గ్రాండ్ నేషనల్ కాదు, గ్రాండ్ లివర్‌పూల్ స్టీపుల్‌ఛేజ్. నేషనల్ అనే పేరు 1847లో గానీ రాలేదు. మీ బాబాయి గారు అడిగిన ప్రశ్నని అక్షరం అక్షరం పట్టుకుంటే లాటరీ కూడా తప్పే.

క్విజ్_ఓటమి | రాత్రి 10:31

అయ్యా మీ పాదాలేవీ? ఆఖరి వాక్యం స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేశాను.

సందేహాల_రావు | రాత్రి 10:38

1836కీ 1839కీ అంత తేడా ఏం వచ్చింది? అదే ఊరు, అదే హోటలాయన, అదే గుర్రాలు. మధ్యలో ఏం మారింది?

పాత_కాగితాలు | రాత్రి 11:05

రైలు.

లివర్‌పూల్–మాంచెస్టర్ లైను 1830లోనే వచ్చింది. కానీ అది ఆ రెండూళ్ళ వ్యవహారం. 1837లో గ్రాండ్ జంక్షన్ రైల్వే తెరిచాక దక్షిణాన బర్మింగ్‌హామ్ దాకా దారి పడింది. 1838 సెప్టెంబరుకి లండన్–బర్మింగ్‌హామ్ లైను పూర్తయింది. అంటే 1839 ఫిబ్రవరి నాటికి లండన్‌లో రైలెక్కినవాడు బర్మింగ్‌హామ్‌లో బండి మారి లివర్‌పూల్‌లో దిగొచ్చు. అంతకుముందు గుర్రపుబండిలో ఒళ్ళు హూనమయ్యే ప్రయాణం. దూరాభారమని మానుకున్న దొరలు, గుర్రాల యజమానులు, బెట్టింగు రాయుళ్ళు, పత్రికలవాళ్ళు అంతా ఈసారి కట్టగట్టుకు వచ్చారు. జనం నలభై, యాభై వేలని అంచనా. హోటళ్ళలో చోటు లేక ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు సర్దుకున్నారని కథలు. సెయింట్ ఆల్బన్స్ పందెం ఆ ఏడాదితోనే మూతపడింది.

పాపం ఇన్ని రోజులు మోసిన లిన్, తీరా ఈ పెద్ద పందెం ముందు అనారోగ్యమని చెప్పి తప్పుకున్నాడు. పగ్గాలు ఒక కమిటీ చేతికి వెళ్ళాయి. అందులో డెర్బీ, సెఫ్టన్, విల్టన్, ఎగ్లింటన్ ప్రభువులు, లార్డ్ జార్జ్ బెంటింక్, అందరూ పెద్ద తలకాయలే. విత్తనం నాటినవాడు ఒకడు, పండు కోసినవాళ్ళు ఇంకొకరు.

ఏంట్రీ_అక్క | ఆదివారం ఉదయం 6:14

లివర్‌పూల్ నుంచి నమస్తే. పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం, ఇల్లు ఆర్మ్‌స్కర్క్ లైను మీదే. రోజూ ఆఫీసుకి పోతూ ఏంట్రీ స్టేషను దాటుతాను. స్టేషను బయటికి వచ్చి రోడ్డు దాటితే రేస్‌కోర్సు గేటే. ఈ చర్చా దారంలో ఇంతమంది ఇంత దూరం నుంచి మా ఊరి గురించి మాట్లాడుకుంటుంటే నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది.

నాకు తెలిసింది ఒక్కటి చెప్తాను. రేస్‌కోర్సు వెనకాల లీడ్స్–లివర్‌పూల్ కాలువ ఉంటుంది. ఆదివారాలు మేం ఆ గట్టు మీద నడుస్తాం. గుర్రాలు అటుదాకా పరుగెత్తి, కాలువ దగ్గర ఒక్కసారిగా ఎడమకి తిరగాలి. ఆ మలుపు పేరే కెనాల్ టర్న్. నేల బల్లపరుపు, ఎప్పుడూ తడి, ఫిబ్రవరిలో అయితే చెప్పక్కర్లేదు. బూటు వేసిన చోట నీళ్ళు ఊరతాయి. 1839లో అదంతా చాలావరకు దున్నిన చేలట కదా? ఆ మట్టిలో నాలుగు మైళ్ళు గుర్రం ఎలా పరుగెత్తిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మనిషి నడవడమే కష్టం.

మలక్‌పేట_మనవడు | ఉదయం 8:50

అక్కా, మంచి మాట చెప్పారు. పైగా బరువు చూడండి. ఆ పందెంలో ప్రతి గుర్రానికీ 12 స్టోన్లు. స్టోన్ అంటే 14 పౌండ్లు, అంటే మొత్తం 76 కిలోలు. రౌతు, జీను అన్నీ కలిపి. మంచి గుర్రం, మామూలు గుర్రం అని తేడా లేదు, అందరికీ ఒకటే మూట. గుర్రం స్థాయిని బట్టి బరువు పెంచి తగ్గించే పద్ధతి 1843లో వచ్చింది.

మిగతా షరతులు ఇంకా బాగుంటాయి. రౌతు గేటు తెరవకూడదు. గేటు తెరిచి ఉన్నా అందులోంచి పోకూడదు. రోడ్డు మీద గానీ కాలిబాట మీద గానీ 100 గజాలకు మించి పోకూడదు. అంటే సుఖమైన దారి కనపడితే అది నీది కాదు. రౌతులు "జెంటిల్‌మన్" అయి ఉండాలని కూడా రాశారు. ఆ షరతు కాగితం మీదే ఉండిపోయింది. మొదటి రెండు స్థానాల్లో వచ్చిన జెమ్ మేసన్, టామ్ ఆలివర్ ఇద్దరూ డబ్బుకి స్వారీ చేసేవాళ్ళే.

ఎంట్రీ ఫీజు గుర్రానికి 20 సవరన్లు. పేరు ఇచ్చి చివర్లో మానుకుంటే 5 పోతాయి. దానికి 100 సవరన్లు పైన కలిపారు. రెండో స్థానం వచ్చినవాడికి పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది, అంతే.

సందేహాల_రావు | ఉదయం 8:58

సవరను అంటే మన కాసేనా? మా అమ్మమ్మ "సవర బంగారం" అనేది.

పాత_కాగితాలు | ఉదయం 9:15

అదే రావుగారూ. ఇంగ్లీషు సవరను నాణెం బరువు 7.98 గ్రాములు. మన బంగారం కొట్లలో కాసు అంటే 8 గ్రాములు. అంటే ఒక్కో గుర్రం మీద దగ్గర దగ్గర ఇరవై కాసులు. గుర్రాన్ని దించాలంటేనే ఒక పెళ్ళి నగల ఖర్చు.

ఇక పందెం. గుర్రాలు 17. మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నారు, మొదలయ్యేసరికి మూడు. (మన సభలు గుర్తొస్తున్నాయా?) జెండా ఊపింది సెఫ్టన్ ప్రభువే. రెండు చుట్లు, మొత్తం 29 దూకులు. ఎక్కువ భాగం పొలాల గట్లు, చిన్న కంచెలు. మంచి గుర్రానికి అవి లెక్కలోవి కావు. అసలు పరీక్ష మూడు చోట్ల, రెండు వాగులు, ఒక రాతిగోడ. గోడ సరిగ్గా జనం కూర్చునే స్టాండు ముందు కట్టారు, దాదాపు అయిదడుగుల ఎత్తు. పల్లె పొలాల మధ్య ఆ గోడకి వేరే పనేమీ లేదు. టికెట్టు కొన్నవాడికి ఏదో ఒకటి కనపడాలి కదా, అందుకు.

మొదటి వాగు దగ్గర ముందు కర్రల దడి, వెంటనే కంచె, దాటాక నీళ్ళు, అవతలి ఒడ్డు ఇవతలికన్నా పల్లం. దూకే గుర్రానికి అటువైపు ఏముందో కనపడదు. కెప్టెన్ బెచర్ కాన్రాడ్ అనే గుర్రం మీద ముందువరసలో వచ్చాడు. కాన్రాడ్ దడిని తన్నుకుంది. కెప్టెన్ గారు గాల్లోంచి తిన్నగా నీళ్ళలోకి. వెనకాల మిగతా గుర్రాలన్నీ వచ్చేస్తున్నాయి. ఏం చేస్తాడు? వాగులోనే ఒడ్డు కింద ముడుచుకుని, తల మీదుగా డెక్కలు పోతుంటే అన్నీ పోయేదాకా అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి, గుర్రాన్ని పట్టుకుని, మళ్ళీ ఎక్కి తరిమాడు. రెండో వాగులో మళ్ళీ పడ్డాడు. ఈసారి గుర్రం ఆగలేదు, దాని దారిన అది పోయింది.

బ్రాందీ కలపకుండా నీళ్ళు ఇంత చెండాలంగా ఉంటాయని ఆ రోజే తెలిసిందని బెచర్ అన్నాడట. కొందరు బ్రాందీ అంటారు, కొందరు విస్కీ అంటారు. అన్నాడో లేదో గానీ వాగుకి మాత్రం ఆయన పేరు నిలిచింది. ఈ రోజుకీ అది బెచర్స్ బ్రుకే.

క్విజ్_ఓటమి | ఉదయం 9:22

ఆగండి ఆగండి. 1836లో డ్యూక్ మీద గెలిచింది ఈ బెచరేనా?

పాత_కాగితాలు | ఉదయం 9:24

ఆయనే. గెలిచిన పందెం లెక్కలోకి రాలేదు. పడిన పందెంతో పేరొచ్చింది. ఆ తర్వాత ఆ పందెంలో మళ్ళీ స్వారీ చేయలేదు. 1864లో పోయాడు.

సందేహాల_రావు | ఉదయం 9:30

రెండో వాగుకి పేరు లేదా మరి?

ఏంట్రీ_అక్క | ఉదయం 9:47

ఉందండీ, వాలెంటైన్స్. ప్రేమికుల రోజుకి సంబంధం లేదు, మా పాప కూడా అలాగే అనుకుంది! మరుసటి ఏడు, 1840లో, వాలెంటైన్ అనే గుర్రం ఆ వాగు దగ్గర ఆగబోయి, ఆగకుండా ఎలాగో మెలికలు తిరుగుతూ అవతల పడిందట. వెనక కాళ్ళు ముందు నేలకి తగిలాయని చెప్తారు. దాని రౌతు ఆ చుట్టులో గోడ దగ్గరికి అందరికన్నా ముందు చేరతానని పందెం కాసి ఉన్నాడు, అందుకే ఆ తొందర.

భీమవరం_బుల్లోడు | ఉదయం 10:10

మావాళ్ళు కోడికి కత్తి కడితే లోకమంతా గోల. దొరలు గుర్రాన్ని గోడమీంచి దూకిస్తే చరిత్ర. బాగుంది.

పాత_కాగితాలు | ఉదయం 10:34

బుల్లోడు గారూ, మీరు వెటకారంగా అన్నా అది అప్పటివాళ్ళు అన్న మాటే. ఇంగ్లండ్‌లో కోడిపందేలు, ఎద్దుల మీదికి కుక్కల్ని వదిలే ఆటలు 1835లో చట్టం చేసి ఆపేశారు. నాలుగేళ్ళకే ఈ పందెం. పందెమయ్యాక లివర్‌పూల్‌లో ఒక పత్రిక, చూడ్డానికి ఉత్సాహంగానే ఉంది గానీ కోడిపందేల్ని ఎలా ఒప్పుకోలేమో దీన్నీ అలాగే ఒప్పుకోలేం అన్న ధోరణిలో రాసింది.

ఎందుకు రాసిందంటే డిక్టేటర్ అనే గుర్రం గురించి. రెండో చుట్టులో పడింది. లేపి, మళ్ళీ ఎక్కి తోలారు. ఆ తర్వాతి దూకులో పడి అక్కడే ప్రాణం వదిలింది. ఈ పందెంలో చనిపోయిన మొదటి గుర్రం అదే. పడిన గుర్రాన్ని మళ్ళీ ఎక్కి తోలడం అప్పట్లో మామూలు. బెచర్ చేసిందీ అదే కదా. బెచర్ విషయంలో నవ్వుకున్నాం, డిక్టేటర్ విషయంలో నవ్వు రాదు.

భీమవరం_బుల్లోడు | ఉదయం 10:41

సరే, వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పుడెలా ఉంది అక్కడ?

ఏంట్రీ_అక్క | ఉదయం 11:20

మారింది, గొడవల వల్లే మారింది. బెచర్స్ దగ్గర 1989లో రెండు గుర్రాలు పోయాక అవతలి పల్లాన్ని చాలావరకు సరిచేశారు. 2011లో రెండు గుర్రాలు పోయాయి, అందులో ఒకటి బెచర్స్ దగ్గరే. మళ్ళీ నేల ఎత్తు మార్చారు. 2013 నుంచి కంచెల లోపల గట్టి కలప బదులు వంగే ప్లాస్టిక్ పెట్టారు. పైన పచ్చగా కనపడేది స్ప్రూస్ కొమ్మలు. 2024 నుంచి 40 గుర్రాలు కాదు, 34 మాత్రమే.

నేను ఒకే ఒక్కసారి వెళ్ళాను, ఆఫీసువాళ్ళు లాక్కెళ్ళారు. బెచర్స్‌కి కొంచెం అవతల నిలబడ్డాం. ముందు చప్పుడు కాదు, కాళ్ళకింద నేల వణకడం తెలిసింది. తర్వాత కంచె కొమ్మలు గుర్రాల పొట్టలకి రాసుకునే చప్పుడు, చీపురుతో ఎవరో గట్టిగా గోడ ఊడ్చినట్టు. పది సెకన్లలో అంతా అయిపోయింది. గడ్డి మీద స్ప్రూస్ ఆకులు చల్లినట్టు పడి ఉన్నాయి. ఒక గుర్రం రౌతు లేకుండా జీనుతో మిగతావాటి వెంట పరుగెత్తుతూనే ఉంది. ఎవరూ తోలకపోయినా దూకుతూనే ఉంది. అది చూశాక ఇంటికొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మళ్ళీ వెళ్ళలేదు. అయినా ఏప్రిల్ వస్తే టీవీ పెడతాను. ఎందుకో నాకే తెలియదు.

మోడరేటర్ | ఉదయం 11:25

కోడిపందేల చర్చకి వేరే దారం ఉంది, అక్కడ 214 పోస్టులు ఉన్నాయి. దయచేసి ఇక్కడ గుర్రాలే.

క్విజ్_ఓటమి | ఉదయం 11:52

గెలిచిన లాటరీ గురించి ఎవరూ చెప్పలేదు. బాబాయి అడుగుతున్నాడు. ఆయనా దారం చదువుతున్నాడు, ఖాతా మాత్రం తెరవడట.

మలక్‌పేట_మనవడు | మధ్యాహ్నం 12:40

బాబాయి గారికి నమస్కారం.

లాటరీ 1830లో యార్క్‌షైర్‌లో పుట్టింది. మొదట పెట్టిన పేరు ఛాన్స్. హార్న్‌కాసిల్ సంతలో జాన్ ఎల్మోర్ అనే గుర్రాల వ్యాపారి 120 గినీలకి కొన్నాడు. ఎప్సమ్‌లో జార్జ్ డాకరీ తర్ఫీదు ఇచ్చాడు. దూకడంలో ఎంత తేలికంటే, ఎల్మోర్ ఇంట్లో తోటలో భోజనాల బల్ల పళ్ళేలతో సహా సర్ది ఉంచి, దానిమీంచి దూకించి అతిథులకి చూపించేవారని చెప్పుకుంటారు.

రౌతు జెమ్ మేసన్. సోగ్గాడు. బూటులో పాదం భాగం ఒక దుకాణంలో, పిక్క భాగం ఇంకో దుకాణంలో కుట్టించుకునేవాడట. తర్వాత ఎల్మోర్‌కి అల్లుడు కూడా అయ్యాడు. అయితే లాటరీకి మాత్రం మేసన్ పొడ గిట్టేది కాదు. అతని రేసు దుస్తుల రంగులు చూస్తే ఎక్కనిచ్చేది కాదు. అందుకని మేసన్ పైన పొడుగు కోటు వేసుకుని వచ్చి, ఎక్కాక తీసేవాడట.

ఇది చదివినప్పుడు నాకు అబద్ధం అనిపించలేదు. మా తాత సయీసు. మలక్‌పేటలో ముప్ఫై ఏళ్ళు గుర్రాలకి మాలిష్ చేసి, దాణా పెట్టి బతికాడు. ఆయన చూసుకునే ఒక బూడిదరంగు గుర్రం, సూదులు వేసే డాక్టరు సంచి గేటు దగ్గర కనపడితే చాలు చెవులు వెనక్కి మడిచేసేది. డాక్టరు కాదు, సంచి. ఒకరోజు తాత ఆ సంచిని గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు. గుర్రం గోనెపట్టాని వాసన చూసి, తాత భుజం మీద ఒక్క కొరుకు కొరికింది. ఆ మచ్చ ఆయన పోయేదాకా ఉంది. "మోసం చేశానని దానికి తెలిసిపోయిందిరా" అనేవాడు. మేసన్ కోటు ఎన్నాళ్ళు పనిచేసిందో మరి.

ఏంట్రీ_అక్క | మధ్యాహ్నం 12:58

తాతగారి సంగతి బాగుంది. ఇంకా ఉంటే రాయండి.

పాత_కాగితాలు | మధ్యాహ్నం 1:30

పందెంలో ఆఖరి భాగం నేను పూర్తి చేస్తాను.

బెట్టింగులో ఫేవరెట్ నన్ అనే ఆడగుర్రం. అది చివరికి అయిదోది వచ్చింది. చారిటీ అనే ఇంకో ఆడగుర్రం గోడ దగ్గరే ఆగిపోయింది. రెండేళ్ళ తర్వాత, 1841లో, అదే చారిటీ పందెం గెలిచింది. ఆ ఏడు గోడ తీసేసి నీళ్ళ గుంట పెట్టారు. దాని అదృష్టం.

అన్నిటికన్నా నాకు నచ్చే కథ రస్ట్‌ది. ఎన్నో పుస్తకాల్లో రెండు ముక్కల్లో దాటేస్తారు. బాగా పరుగెత్తుతూ వచ్చి, పొలాల మధ్య ఒక సందులోకి దిగింది. రోడ్డు మీద 100 గజాల దాకా పోవచ్చు కదా, తప్పేం కాదు. అక్కడ జనం ముందూ వెనకా మూసేశారు. ఆ గుర్రం ఓడిపోతుందని డబ్బు పెట్టినవాళ్ళట. మిగతా గుర్రాలు అందనంత దూరం పోయేదాకా కదలనివ్వలేదు. రౌతు మెక్‌డొనా అరిచి ఉంటాడు, కొరడా ఝళిపించి ఉంటాడు. ఏం లాభం. నాలుగు మైళ్ళ పొలాల్లో ఏ సందులో ఏం జరుగుతోందో స్టాండులో కూర్చున్న ప్రభువులకి ఎలా తెలుస్తుంది?

రెండో చుట్టు చివరికి లాటరీ ముందుకొచ్చేసింది. సెవెంటీ ఫోర్ అనే గుర్రం మీద టామ్ ఆలివర్ వెంటపడ్డాడు గానీ అందలేదు. మూడు గుర్రాల పొడవు తేడాతో లాటరీ గెలిచింది. మూడోది పౌలినా. సమయం 14 నిమిషాల 53 సెకన్లు. ఆలివర్ దిగులు పడలేదు. 1842, 1843, 1853లో మూడుసార్లు గెలిచాడు.

సందేహాల_రావు | మధ్యాహ్నం 1:44

పేరే లాటరీ. గెలవక ఏం చేస్తుంది.

లాటరీ మళ్ళీ గెలిచిందా?

మలక్‌పేట_మనవడు | మధ్యాహ్నం 2:15

ఈ పందెం మళ్ళీ గెలవలేదు. గెలవనివ్వలేదు అనాలి. 1840లో గోడ దగ్గర పడింది. 1841కి కొత్త షరతు పెట్టారు. చెల్టెన్‌హామ్ స్టీపుల్‌ఛేజ్ గెలిచిన గుర్రం 18 పౌండ్లు అదనంగా మోయాలట. అది గెలిచింది ఎవరు? లాటరీ. అంటే పేరు రాయకుండా పేరు రాశారు. 13 స్టోన్ల 4 పౌండ్లు, దాదాపు 84 కిలోలు. మేసన్ మధ్యలోనే ఆపేశాడు. మరుసటి ఏడూ అంతే బరువు, అంతే ఫలితం. వేరే ఊళ్ళలో కొన్ని పందేలకైతే "లాటరీ తప్ప ఏ గుర్రమైనా రావచ్చు" అని ప్రకటించేవారు. 1843లో ఆఖరిసారి వచ్చి ఏడోది అయింది.

తర్వాత కొన్నాళ్ళు డాకరీ దగ్గర సవారీ గుర్రంగా తిరిగింది. చివరికి లండన్ పక్కన నీస్‌డెన్‌లో బండి లాగిందని రాశారు.

భీమవరం_బుల్లోడు | మధ్యాహ్నం 2:20

బండా?

మలక్‌పేట_మనవడు | మధ్యాహ్నం 2:31

బండే. మా తాత చూసుకున్న బూడిద గుర్రం కూడా పరుగు ఆగాక పెళ్ళి ఊరేగింపులకి పోయింది. చార్మినార్ దగ్గర ఒకసారి కనపడిందట, తలకి పూసల జాలరు కట్టి, మీద పెళ్ళికొడుకు. తాత పిలిస్తే చెవి తిప్పింది. బ్యాండువాళ్ళు మొదలెట్టేసరికి మళ్ళీ ముందుకి చూసిందట.

ఏంట్రీ_అక్క | సాయంత్రం 5:40

ఇవాళ ఎండ ఉంటే పిల్లల్ని తీసుకుని కాలువ గట్టుకి వెళ్ళొచ్చాం. రస్ట్ ఇరుక్కున్న సందు ఎక్కడై ఉంటుందా అని చూస్తూ నడిచాను. ఇప్పుడు ఇళ్ళు, కార్లు, ఒక సైకిల్ షాపు. పాప "ఏం వెతుకుతున్నావమ్మా" అంది. "ఒక గుర్రం దారి తప్పలేదు, ఆపేశారు" అన్నాను. దానికేం అర్థమైందో.

క్విజ్_ఓటమి | రాత్రి 8:05

అందరికీ చాలా థాంక్స్. బాబాయి దారం మొత్తం చదివాడు, డిక్టేటర్ దగ్గర కళ్ళజోడు తుడుచుకున్నాడు. తీర్పు ఇదీ: ప్రశ్న అడిగిన తీరే తప్పు, పాయింటు రద్దు, మ్యాచ్ టై. బిర్యానీ చెరిసగం. అయితే అవతలి టీమువాళ్ళని కూడా పిలవాలట. ఇప్పుడు పంతొమ్మిది మంది.

సందేహాల_రావు | రాత్రి 8:09

నన్ను కలిపితే ఇరవై. చికెనా, మటనా?